గోడకి తగిలిచ్చిన ఎనిమిది పండగల చక్రం, నాలుగు నెలలు వాడినాక

మే మొదట్లో ఆన్‌లైన్‌లో తెప్పించినా, 849 రూపాయలు. చెక్కతో చేసిన గుండ్రటి క్యాలెండర్, అన్నం పళ్ళెమంత ఉంటుంది, నడుమ ఇత్తడి ముల్లు, చుట్టూ విక్కా వాళ్ళ ఎనిమిది పండగలు. విక్కా అంటే ప్రకృతిని కొలిచే ఈ కాలపు మతం, వాళ్ళలో శానామంది తమని విచ్‌లనే చెప్పుకుంటారు. డబ్బా మీద విచ్ అనే మాట చూసి పక్కింటత్త "చేతబడి సామానా పాపా" అనింది, అమ్మేమో "రాశిచక్రం ఎందుకు తెచ్చినావే" అని. రెండూ కాదు, సూర్యుడు ఏడాదంతా ఎట్లా తిరుగుతాడో దాన్ని పట్టుకుని చేసుకునే పండగలు ఇవి.

చెక్కడం శానా నీట్‌గా ఉంది. తిప్పి తగిలిస్తే వెనకపక్క దక్షిణార్ధగోళం వరస, మనకి డిసెంబర్‌లో వచ్చే యూల్ అనే చలికాలపు పండగ ఆస్ట్రేలియా వాళ్ళకి జూన్‌లో కదా. కూడా వచ్చిన చిన్న బుక్కు ఇంకా నచ్చింది, వేల ఏళ్ళ నాటి చక్రం అని కోతలు కొయ్యలేదు. 1950ల్లో ఇంగ్లండ్‌లో విక్కాని జనాల్లోకి తెచ్చిన జెరాల్డ్ గార్డ్‌నర్, ఆయన ఫ్రెండ్ రాస్ నికల్స్ కాలంలోనే ఈ ఎనిమిదీ ఒక చుట్టులోకి వచ్చినాయి, సెప్టెంబర్ పండగకి మేబన్ అనే పేరు 1970ల్లో ఎయిడన్ కెల్లీ అనే అమెరికన్ పెట్టింది అని ఉన్నదున్నట్టు రాసినారు. అక్టోబర్ చివర్లో వచ్చే సావిన్, మే మొదట్లో వచ్చే బెల్టేన్ లాంటివి మాత్రం ఐర్లండ్‌లో పాతవే.

యూల్, లితా రెండూ అయనాలు, మార్చిలో ఓస్టారా, సెప్టెంబర్‌లో మేబన్ పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు, మిగతా నాలుగు వీటి నడుమ. లితా అంటే జూన్ 21, టెస్ట్ చేద్దామని తిరుపతిలో మా మిద్దె మీద మూడడుగుల కర్ర నిలబెట్టినా. మనకి నడిమధ్యాహ్నం పన్నెండుకి కాదు, పన్నెండుంబావుకి. నీడ ఆరంగుళాలు పడింది, అదీ ఉత్తరాన ఉండే తిరుమల కొండ పక్కకి కాదు, దక్షిణానికి! పక్కనే వడియాలు తిప్పుతా ఉన్న అమ్మ "ఎండాకాలంలో ట్యాంకు నీడ కొండ పక్కకి పడదు, అందుకే గదా చాప ఈపక్కకి లాగినా" అనింది, నేనేదో కనిపెట్టినట్టు ఫోటోలు తీస్తా ఉంటే.

ఇబ్బంది ఏందంటే ఇది చలిదేశం చక్రం. లండన్‌లో జూన్ 21న పగలు సుమారు 16 గంటల 40 నిమిషాలు, డిసెంబర్‌లో 8 గంటలు కూడా ఉండదు, కాబట్టి యూల్‌కి సూర్యుడు మళ్ళీ పుట్టినాడని వాళ్ళు సంబరపడితే అర్థముంది. మనకి జూన్‌లో కూడా పగలు 13 గంటలు నిండదు. ఇంక బెల్టేన్, మే 1, వేసవి మొదలైందని మంటలు వేసే పండగ, ఆ రోజుల్లో తిరుపతిలో స్టవ్ దగ్గరికే పోబుద్ధి కాదు. మన మంట భోగికి. మన సంక్రాంతి కూడా అసలు అయనానికి సుమారు 24 రోజులు వెనకపడింది, భూమి ఇరుసు మెల్లగా తిరుగుతుంది కాబట్టి, 1700 ఏళ్ళ కింద రెండూ దాదాపు ఒకే రోజు.

ఓస్టారా మాత్రం భలే కుదిరింది. నాగలాపురం వేదనారాయణస్వామి గుళ్ళో మార్చి చివర్లో సూర్యపూజ ఉంటుంది కదా, సాయంత్రం ఎండ ఒక రోజు పాదాల మీద, మర్నాడు నాభి మీద, మూడో రోజు తల మీద పడేది. గుడి పడమర ముఖం, ఆ రోజుల్లో సూర్యుడు దిగేది కూడా నేరుగా పడమరకి దగ్గర్లోనే. చిన్నప్పటి నుంచి పోతా ఉన్నా, మార్చిలోనే ఎందుకో ఈ చక్రం చూసినాకే బుర్రకెక్కింది.

ముల్లు మాత్రం దరిద్రం. బిగువు లేదు, ఎక్కడ పెట్టినా కిందున్న లితా మీదికి జారిపోతుంది, మా ఇంట్లో ఏడాదంతా జూన్ 21 అన్నమాట. "తిరుపతికి కరెక్టే కదక్కా" అన్నాడు తమ్ముడు. అమ్మినోళ్ళకి మెయిల్ పెడితే మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు, సైకిల్ షాపులో 5 రూపాయల రబ్బరు వాషర్ వేయించినాక నిలబడింది. 5కి 3న్నర ఇస్తా, ఆ అర బుక్కుకి.

రిటర్న్ చేద్దామన్నా ఇప్పుడు తీసుకోరు. "ఎనిమిది పండగలేసినారు, గంగమ్మ ఏదీ" అని అమ్మ, మా ఊరి జాతర మేలోనే కాబట్టి, బెల్టేన్ పక్కన ఎర్ర స్కెచ్ పెన్‌తో జాతర అని రాసేసింది, చెక్కలోకి ఇంకిపోయింది.