టర్బో కారుకు ఇంజెక్టర్లు, పంపు మార్పిస్తున్నారా? డబ్బులిచ్చే ముందు ఇది చదవండి

పాత ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటి 1.8 టర్బో పెట్రోల్ కార్లు నడిపేవాళ్లు, అలాంటిది సెకండ్ హ్యాండ్‌లో కొని పవర్ పెంచుకుందామనుకునేవాళ్లు దయచేసి పూర్తిగా చదవండి. నా కారుకు ఈ పని చేసి ఇంజన్ పాడుచేసింది హైదరాబాద్‌లోనే ఒక ట్యూనింగ్ షాపు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తున్నాను కాబట్టి పేరు పెట్టడం లేదు. అయినా ఇలాంటి పని చాలాచోట్ల జరుగుతోందని తర్వాత ఇంజన్ విప్పిన మెకానిక్ అన్నాడు. అందుకే షాపు పేరు కంటే ఏం చూసుకోవాలో తెలియడం ముఖ్యం.

పెద్ద ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి పెట్రోలు చల్లేవి), గంటకు 255 లీటర్లు తోడే పెట్రోలు పంపు, వాటికి తగ్గ రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగుల మార్పు) కలిపి ప్యాకేజీ అన్నారు. కారు చేతికొచ్చాక సిటీలో ఏ తేడా కనిపించలేదు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి మూడో గేరులో పూర్తిగా తొక్కితే మాత్రం 4500 ఆర్‌పీఎం దాటాక ఒక్క క్షణం బిగబట్టినట్టయ్యేది. షాపుకు ఫోన్ చేస్తే "సార్, టెన్షన్ పడకండి, బంకులో పెట్రోలు బాలేదు" అన్నారు. కొన్నాళ్లకు ఐడిల్‌లో వణుకు మొదలైంది. వేరే గ్యారేజీలో కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూస్తే నాలుగు సిలిండర్లలో మూడింట 11 బార్ దగ్గర ఉంది, మూడో నంబరు సిలిండర్‌లో మాత్రం 5 కూడా లేదు. స్పార్క్ ప్లగ్ తీస్తే తెల్లటి పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, వాటి మధ్య మెరిసే అల్యూమినియం రేణువులు. ఆ అల్యూమినియం పిస్టన్‌దే. హెడ్ దించి పిస్టన్ బయటికి తీస్తే మొదటి రెండు రింగుల మధ్య గట్టు విరిగిపోయి ఉంది.

కారణం ట్యాంకులో దొరికింది. పంపు నుంచి ట్యాంకు పై మూతకు వెళ్లే హోస్ మామూలు ఫ్యూయల్ హోస్. ట్యాంకు లోపల పెట్రోలులో మునిగి ఉండే హోస్ వేరే రకం, దాని మీద ఎస్ఏఈ 30ఆర్10 అని ఉంటుంది, ధర కూడా ఎక్కువ. మామూలుది లోపల వాడితే బయటి పొర పెట్రోలు పీల్చి ఉబ్బుతుంది. నా కారులో అది ఉబ్బి, క్లిప్పు దగ్గర చీలి ఉంది. పంపు తోడిన పెట్రోలు కొంత ఆ చీలికలోంచి మళ్లీ ట్యాంకులోకే పోతోంది. పంపును కూడా విడిగా పరీక్షించారు. 255 లీటర్లంటే నిమిషానికి నాలుగు లీటర్ల పైన రావాలి, మూడు కూడా రాలేదు. పేరున్న కంపెనీ డబ్బాలో వచ్చిన నకిలీ సరుకు అది. (ఈ పరీక్ష ఇంట్లో చేయకండి. తెరిచి ఉన్న పెట్రోలు పక్కన చిన్న స్పార్క్ చాలు.)

ఇది సిటీలో ఎందుకు బయటపడదంటే, ఈ ఇంజన్లలో రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు అందే పెట్రోలు ఒత్తిడి) సుమారు 3 బార్ ఉంటుంది. టర్బో ఒక బార్ బూస్ట్ (అదనపు గాలి ఒత్తిడి) ఇచ్చినప్పుడు అది 4 బార్‌కు పెరగాలి. అప్పుడే ఇంజెక్టర్ అంతకుముందులాగే పెట్రోలు చల్లగలదు. బూస్ట్ లేనప్పుడు బలహీనమైన పంపు కూడా నెట్టుకొస్తుంది. పైగా కంప్యూటర్ ఇంజెక్టర్లను ఇంకాస్త సేపు తెరిచి లోటు కప్పేస్తుంది. ఫుల్ బూస్ట్‌లో మాత్రం పంపు ఇవ్వలేని పెట్రోలును ఏ కంప్యూటరూ పుట్టించలేదు. ఆ సమయంలో లాంబ్డా (గాలి, పెట్రోలు ఏ పాళ్లలో కలిశాయో చెప్పే అంకె) 0.80 చుట్టుపక్కల ఉండాలి. 0.90 దాటి లీన్ అయితే, అంటే పెట్రోలు తగ్గితే, వేడి పెరిగి, నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు లేకుండా పేలడం) మొదలై, పిస్టన్ మీద దెబ్బ పడుతుంది. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు). అచ్చమైన పెట్రోలు కంటే ఇది ఎక్కువ పరిమాణంలో చల్లాల్సి ఉంటుంది. అంటే పంపులో ఉన్న కాస్త వెసులుబాటునూ అదే తినేస్తుంది.

వాళ్లిచ్చిన డైనో (కారు పవర్ కొలిచే యంత్రం) షీటు గురించి చెప్పకపోతే ఈ పోస్టు రాసి ప్రయోజనం లేదు. గ్రాఫ్ అందంగా ఉంది, అంకెలు ఆకర్షణీయంగా ఉన్నాయి. కింద మూలన గాలి ఉష్ణోగ్రత 19 డిగ్రీలని ఉంది. పని జరిగింది ఏప్రిల్‌లో, మిట్ట మధ్యాహ్నం! ఏసీ లేని హైదరాబాద్ షెడ్డులో ఏప్రిల్‌లో 19 డిగ్రీలు ఎక్కడిది? అది నా కారు షీటు కాదు. దాని మీద లాంబ్డా గీత కూడా లేదు.

కాబట్టి డబ్బులిచ్చే ముందు మీ కారు మీద, మీ కళ్ల ముందు తీసిన లాగ్ అడగండి. ఒకే పుల్‌లో (ఫుల్ థ్రాటిల్ పరుగులో) బూస్ట్, లాంబ్డా, రైల్ ప్రెషర్, ఇంజెక్టర్ డ్యూటీ (ఇంజెక్టర్ ఎంత శాతం సమయం తెరిచి ఉందో) నాలుగూ కనిపించాలి. డ్యూటీ 85 శాతం దాటిందంటే ఆ ఇంజెక్టర్లు చాలడం లేదన్నమాట. ప్రెషర్ గేజే లేదనే షాపులో ఫ్యూయల్ పని చేయించకండి, ఎంత తక్కువకు చేస్తామన్నా సరే. పాత పంపు, పాత ఇంజెక్టర్లు తిరిగి తీసుకోండి. నాకు ఇవ్వలేదు.

బిల్లు కూడా గట్టిగా అడగండి. తెల్లకాగితం మీద ఎస్టిమేట్ రాసిచ్చి సరిపెట్టబోతారు. నా దగ్గర యూపీఐ చెల్లింపులు, వాట్సాప్ మెసేజీలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. 5 లక్షల లోపు వ్యవహారానికి జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ముందుగా 1915కు ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీ వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదని, 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు పడవచ్చని, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పని మార్పు ఉంటే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుందని ఏ షాపూ మీకు చెప్పదు.

ఇప్పటికే ఇలాంటి పని చేయించుకున్నవాళ్లు ఓబీడీ స్కానర్‌తో (కారు కంప్యూటర్‌ను చదివే పరికరం) లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే లోటు కప్పడానికి కంప్యూటర్ ఎంత శాతం పెట్రోలు అదనంగా కలుపుతోందో చూసుకోండి. అది ప్లస్ 10 దాటి ఉంటే, లేదా పై ఆర్‌పీఎంలో కారు బిగబడుతుంటే, ట్యాంకు విప్పించి హోస్, పంపు చూపించేదాకా ఫుల్ థ్రాటిల్ తొక్కకండి.