పోస్ట్ డాక్టోరల్ ప్యాకేజీ: ధ్రువపత్రాల పనికి మంచిదే, పరిశోధన అవకాశాలకు కాదు

విజయనగరంలోని ఒక విదేశీ విద్యా కన్సల్టెన్సీ నుంచి, కాంతి శాస్త్రమైన ఫోటోనిక్స్‌లో పీహెచ్‌డీ పూర్తిచేసిన మా చెల్లెలు పోస్ట్ డాక్టోరల్ ప్యాకేజీ, అంటే పీహెచ్‌డీ తరువాతి పరిశోధన అవకాశాలు వెతికి, దరఖాస్తులూ కాగితాలూ చూసిపెట్టే సేవ, తీసుకుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఇదే దారిలో వెళ్లాలనుకునే వారికి ఉపయోగపడుతుందని మా అనుభవం రాస్తున్నాను.

ఆమె పరిశోధన ఓసీటీ, అంటే ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ మీద సాగింది. కంటి ఆసుపత్రుల్లో రెటీనా పొరలను చూడడానికి చేసే స్కాన్ ఇదే. 1991లో వెలుగులోకి వచ్చిన ఈ పద్ధతిలో పరారుణ కాంతిని రెండు పాయలుగా చీల్చి, కణజాలం నుంచి వెనక్కి వచ్చిన కాంతిని అద్దం నుంచి వచ్చిన కాంతితో కలిపి, ఆ వ్యతికరణాన్ని (రెండు కాంతులు కలిసి ఏర్పరిచే నమూనాను) బట్టి లోతును లెక్కకడతారు. కన్సల్టెన్సీ వారు మాత్రం ఆమె రెజ్యూమెలో ఇమేజింగ్ అన్న మాట చూసి, ఫోటోగ్రఫీలో ఆసక్తి గల అభ్యర్థిని అని ప్రొఫెసర్లకు పంపే లేఖ తయారుచేశారు! అదే లేఖను ఫైబర్ కమ్యూనికేషన్స్ బృందాలకూ, సౌర ఘటాల బృందాలకూ పేర్లు మాత్రం మార్చి పంపించారు. కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటరును ఆమె స్వయంగా అమర్చిన సంగతి గానీ, చిత్రాల్లోని స్పెకిల్ నాయిజ్, అంటే చుక్కల్లాంటి మచ్చలు, తగ్గించడానికి రాసిన ప్రోగ్రామ్ సంగతి గానీ అందులో ఒక్క వాక్యం లేదు. ప్రొఫెసరు వెతికేది ఆ వాక్యాల కోసమే.

అర్హతల విషయంలో జరిగిన పొరపాటు ఇంకా పెద్దది. యూరప్‌లోని మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు, దరఖాస్తు గడువు తేదీకి ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి ఏ దేశంలో నివసించామో ఆ దేశంలోని సంస్థను ఎంచుకోకూడదు. మా చెల్లెలు పీహెచ్‌డీ చివరి దశలో ఏడాదికి పైగా జర్మనీలో ఉంది, ఆ సంగతి రెజ్యూమెలోనే రాసి ఉంది, అయినా వారు సూచించిన మొదటి మూడు సంస్థలూ జర్మనీవే. పైగా ఈ దరఖాస్తుకు రుసుమే లేదు. యూరప్ పరిశోధన ఉద్యోగాల యూరాక్సెస్ పోర్టల్‌లోనూ, ఆప్టికా, ఎస్పీఐఈ అనే ఆప్టిక్స్ వృత్తి సంఘాల ఉద్యోగ ప్రకటనల్లోనూ ఖాళీలు ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. వాటినే ఒక పట్టికగా ఇచ్చి ప్యాకేజీలో భాగమంటే ఒప్పుకోలేము.

మన దేశంలోని అవకాశాల ఊసే వారు ఎత్తలేదు. గతంలో సెర్బ్ (కేంద్ర ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ), ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఇచ్చే నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ రెండేళ్లు ఉంటుంది. వయోపరిమితి 35 ఏళ్లు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అభ్యర్థులకు అయిదేళ్ల సడలింపు ఉంది. పీహెచ్‌డీ చేసిన చోటు కాకుండా వేరే సంస్థను ఎంచుకోవాలి. బెంగళూరు ఐఐఎస్సీలోనూ, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ ఆప్టిక్స్ మీద మంచి పని జరుగుతోంది కనుక ఈ దారిని చిన్నచూపు చూడనవసరం లేదు.

ధ్రువపత్రాల విషయంలో మాత్రం వారి పని మెచ్చదగినది. విశ్వవిద్యాలయం నుంచి ట్రాన్‌స్క్రిప్టులు తెప్పించడం, అటెస్టేషన్, వీసా ఫైలు సర్దడం ఎక్కడా తడబాటు లేకుండా పూర్తిచేశారు. అక్కడి ఉద్యోగి ఒకరు ప్రతి కాగితాన్నీ ఓపికగా సరిచూసి, పాస్‌పోర్టులోని ఇంటిపేరుకూ డిగ్రీలోని ఇంటిపేరుకూ ఉన్న అక్షర భేదాన్ని ముందే పట్టుకున్నారు.

కాబట్టి పూర్తి ప్యాకేజీ వద్దని చెప్పి, కాగితాల పనికి మాత్రమే విడిగా ఎంతవుతుందో అడగండి. ఆ సొమ్ముకు రసీదు తీసుకోండి. ప్రొఫెసర్లకు పంపే లేఖ మాత్రం ఆ ప్రొఫెసరు ఇటీవలి పరిశోధన పత్రం ఒకటి చదివి మీరే రాసుకోండి.