బయటి సంస్థలా, సొంత నైపుణ్యమా: ప్రాంతీయాభివృద్ధికి ఏది మేలు?

విజ్ఞానం, నవకల్పనల మీద ఆధారపడి ఒక ప్రాంతాన్ని పైకి తేవాలనుకునే ప్రభుత్వానికి ప్రధానంగా రెండు దారులు కనిపిస్తాయి. పరిశోధన పార్కు నెలకొల్పి, భూమీ రాయితీలూ ఇచ్చి బయటి సంస్థలను రప్పించడం ఒకటి. కావలసిన విద్యను స్థానికులకు నేర్పించి, వారి చేతనే సంస్థలు పెట్టించడం రెండోది.

మొదటి దారికి అందరూ చూపే ఉదాహరణ అమెరికాలోని నార్త్ కరొలినా. పొగాకు, వస్త్రాలు, ఫర్నిచర్ మీద బతుకుతున్న ఆ రాష్ట్రంలో 1959లో రిసెర్చ్ ట్రయాంగిల్ పార్కు ఏర్పడింది. అయితే మూడు పేరున్న విశ్వవిద్యాలయాలు అప్పటికే ఆ చుట్టుపక్కల ఉన్నాయన్నదీ, కంప్యూటర్ల సంస్థ ఐబీఎం అక్కడికి తన రాకను ప్రకటించింది 1965లో గానీ కాదన్నదీ ఈ కథ చెప్పేవారు తరచుగా మరిచిపోతారు. ఆరేళ్ళపాటు ఖాళీ స్థలాలను చూస్తూ ఓపిక పట్టగల ప్రభుత్వాలు ఎన్ని?

తైవాన్ రెండో దారి పట్టింది. 1973లో ప్రభుత్వం పారిశ్రామిక పరిశోధన సంస్థ ఐటీఆర్ఐని స్థాపించింది; 1976లో అమెరికన్ కంపెనీ ఆర్‌సీఏతో ఒప్పందం చేసుకుని, యువ ఇంజనీర్లను అక్కడికి శిక్షణకు పంపింది. చిప్ రూపకల్పనతో పాటు తయారీ, పరీక్షలు కూడా నేర్చుకుని వచ్చిన వారు నమూనా కర్మాగారాన్ని నడిపి చూపారు. ఐటీఆర్ఐ నుంచే 1980లో యూఎంసీ, 1987లో టీఎస్ఎంసీ అనే చిప్ తయారీ సంస్థలు పుట్టాయి. షించు సైన్స్ పార్కు వచ్చింది కూడా 1980లోనే, అంటే పని తెలిసినవారు తయారైన తర్వాత. ఈ వరుసక్రమమే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది.

ఉద్యోగాలు త్వరగా కంటికి కనిపించడం మొదటి పద్ధతిలోని సుగుణం. అయితే ఎక్కడో ఉన్న ప్రధాన కార్యాలయం మనసు మార్చుకుంటే అవి అంతే త్వరగా పోతాయి. రెండో పద్ధతికీ ఆపద లేకపోలేదు. నోకియా ఫోన్ల వ్యాపారం కుంగి, 2014లో మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్ళినప్పుడు ఫిన్లాండ్‌లో ఆ సంస్థ ఇంజనీర్లు ఎందరో పనిచేస్తూ వచ్చిన ఔలు నగరం గట్టి దెబ్బే తిన్నది. కానీ వైర్‌లెస్ విద్య తెలిసిన ఇంజనీర్లూ, 1958 నాటి విశ్వవిద్యాలయమూ అక్కడే ఉండడంతో, కొత్త సంస్థలకు కావలసిన మనుషులను వెతుక్కోవలసిన పని లేకపోయింది.

కనుక నా మొగ్గు రెండోవైపే. పార్కుకు కేటాయించే సొమ్ములో తొలి వాటా శిక్షణకూ, నమూనా కర్మాగారానికీ వెళ్ళాలి. విశ్వవిద్యాలయాలు ముందే బలంగా ఉన్నచోట మాత్రం మొదటి దారినీ కాదనను.