ఊరి గోడ, తాళం బీరువా: డబ్బు లెక్కలకు ఏది మేలు?

ఉపాధి హామీ పనికి వెళ్లిన మనిషి పేరు, పనిదినాలు, ఖాతాలో పడిన కూలి ఊరంతా చూడవచ్చు. అదే ఊరి నుంచి నగరం చేరిన ఉద్యోగి ఆదాయపు పన్ను రిటర్ను మాత్రం పొరుగువాడు అడిగినా ఇవ్వరు. రెండూ సర్కారు దగ్గరున్న డబ్బు లెక్కలే. ఒకటి గోడ మీద, ఇంకొకటి బీరువాలో.

నేను గోడ పక్షమే, కొంతవరకు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభకు సామాజిక తనిఖీ బాధ్యత అప్పగించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి అది ఒక పద్ధతిగా సాగింది. తనిఖీకి వచ్చినవారు మస్టరు, అంటే హాజరు పట్టీ, పట్టుకుని గడపగడపకూ వెళ్లి, "ఆ వారం ఆరు రోజులూ పనికి వెళ్లావా అమ్మా?" అని అడుగుతారు. "నేను ఊళ్లోనే లేను, కూతురి పురుడుకు వెళ్లాను" అందంటే దొంగ మస్టరు దొరికినట్లే. గోప్యత పేరుతో ఈ లెక్కలు మూసేస్తే సంతోషించేది కూలీ కాదు.

కానీ గోడకు హద్దు తెలియలేదు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటపడి ఉన్నాయని 2017లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ అంచనా కట్టింది. వాటితోపాటు బ్యాంకు ఖాతా నంబర్లు కూడా. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: ఉపాధి చెల్లింపులది, చంద్రన్న బీమాది. దొంగ మస్టరు పట్టడానికి పనిదినాలు కావాలి, ఖాతా నంబరు ఎందుకు?

ఇక బీరువా. రిటర్నులు వ్యక్తిగత సమాచారమనీ, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే తప్ప ఇవ్వనక్కరలేదనీ సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. బాగానే ఉంది. అయితే ఆ తాళం పొరుగువాడికే గాని సర్కారు శాఖలకు కాదు. పన్ను కట్టినవారిని పీఎం కిసాన్ నుంచి ఏరివేసేది శాఖల మధ్య సాగే ఇచ్చిపుచ్చుకోళ్లతోనే. పైగా బీరువా ఏటా బరువెక్కుతోంది. ఆదాయపు పన్ను శాఖ 2021లో తెచ్చిన వార్షిక సమాచార నివేదికలో (ఏఐఎస్) మనం మరచిపోయిన పాత ఖాతా వడ్డీ కూడా పలకరిస్తుంది. ఆ పీడీఎఫ్‌కు తాళంచెవి ఏమిటంటే, చిన్న అక్షరాల్లో పాన్ నంబరు, దాని వెంటే పుట్టిన తేదీ. రెండూ పాన్ కార్డు మీదే అచ్చయి ఉంటాయి. ఆ కార్డు జిరాక్సులు ఎన్ని కౌంటర్లలో ఇచ్చి వచ్చామో!

నార్వేది మూడో దారి. అక్కడ ఎవరి ఆదాయం, ఆస్తి, పన్ను ఎంతో ఎవరైనా చూడవచ్చు. కాకపోతే 2014 నుంచి, చూసినవారి పేరు ఆ లెక్క ఎవరిదో వారికి తెలుస్తుంది. ఆ నిబంధన రాగానే వెతుకులాటలు బాగా తగ్గిపోయాయి. ఇరుగుపొరుగు జీతాలపై ఆసక్తి మన సొంతం కాదన్నమాట.

నన్నడిగితే ప్రజాధనం గోడ మీదే ఉండాలి, ఖాతా, ఆధార్ నంబర్లు చెరిపేసి. సొంత సంపాదన బీరువాలోనే ఉండాలి. చూసిందెవరో చెప్పే నార్వే పద్ధతి మాత్రం బీరువాకే ఎక్కువ అవసరం. మన ఆధార్‌ను ఎప్పుడెప్పుడు వాడారో చూపే చరిత్ర ఆధార్ సైట్‌లో ఉంది. నా వార్షిక నివేదికను ఏ అధికారి, ఏ శాఖ ఎప్పుడు తెరిచిందో చూపే గడి మాత్రం అందులో నాకు కనిపించలేదు.