కష్టాల బాల్యం మీద ఆత్మకథ: ఏకబిగిన చదవాలా, ఆగి రాసుకుంటూ చదవాలా?

ఒక ఆడపిల్ల నలిగిపోయిన బాల్యం గురించి రాసుకున్న పుస్తకాన్ని చాలామంది రెండు రాత్రుల్లో ముగించేస్తారు. తండ్రి తాగుడు, తల్లి మౌనం, ఇల్లు వదిలి వెళ్లడం... తర్వాతేమైందన్న ఆత్రమే పేజీలు తిప్పిస్తుంది. ఇందులో లాభం లేకపోలేదు. ఆ గొంతు చెవిలో తెగకుండా ఉంటుంది. మొదట్లో వచ్చిన చిన్న సంగతి చివర్లో మళ్లీ ఎందుకొచ్చిందో పట్టుబడుతుంది. కానీ పుస్తకం మూశాక మిగిలేది తరచుగా జాలే. జాలిపడేవాళ్లు గడప ఇవతలే నిలబడి ఉంటారు.

గడప దాటాలంటే మా ఓటు రెండో పద్ధతికే. రోజుకు 15-20 పేజీలు చాలు. నోటుబుక్కులో ఎడమ పేజీ మీద ఆ రోజు తగిలిన ఒక్క వాక్యం, పేజీ నంబరుతో సహా. కుడి పేజీ మీద అది లేపిన సొంత జ్ఞాపకం: అప్పుడు వయసెంత, ఏ గది, చేతిలో ఏముంది. "పాపం, ఎంత కష్టపడిందో" అని రాస్తే మళ్లీ ఆమె గురించే రాసినట్టు. వాక్యం ఒక్కటే అనడానికీ కారణముంది. పేజీ నిండా గీతలు గీస్తే వారం తర్వాత ఏది ఎందుకు గీశామో గుర్తుండదు.

తాళం తిరిగే చప్పుడును బట్టి తండ్రి ఏ స్థితిలో వచ్చాడో పసిగట్టే పిల్ల పుస్తకంలో ఉందనుకోండి. మీ నాన్న తాగి ఉండకపోవచ్చు. అయినా మార్కులు చెప్పే ముందు, అమ్మ గిన్నెలు పెడుతున్న చప్పుడు విని ఆమె కోపం ఎంతో లెక్కగట్టి ఉంటారు. ఆ చెవి ఇద్దరిదీ ఒకటే. "నాకలా జరగలేదు" అని పుస్తకం పక్కన పెట్టేసేవాళ్లు పోగొట్టుకునేది దీన్నే.

ఆడియో పుస్తకం రెండోసారికి బాగుంటుంది. రచయిత్రే చదివితే ఎక్కడ గొంతు తగ్గిందో వినొచ్చు. మొదటిసారి మాత్రం వాక్యం దగ్గర ఆగడం కష్టం.

సొంత బాల్యమూ అలాంటిదే అయితే లెక్క మారుతుంది. మనస్తత్వ పరిశోధకులు పెన్నెబేకర్, బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు తమ జీవితంలోని గాయాల గురించి రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాశారు. జరిగినదాన్నీ, అప్పటి భావాలనూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు మరింత బరువెక్కింది. అందుకే ఇలాంటివాళ్లు ముందు పుస్తకాన్ని వేగంగా చదివేసి, ఏ అధ్యాయాలు గుచ్చుతాయో గుర్తుపెట్టుకోవాలి. నెమ్మదిగా చదివే విడతలో వాటిని ఆఖరికి ఉంచుకోవచ్చు, వదిలేసినా తప్పులేదు. రాయడం 15 నిమిషాలకు మించనివ్వకండి, పడుకునే ముందు అసలే వద్దు. రెండు మూడు రోజులైనా ఆ బరువు దిగకపోతే నోటుబుక్కు మూసి, నమ్మకమున్న మనిషితోనో కౌన్సెలర్‌తోనో మాట్లాడండి.