అంతరిక్ష పాఠాలకి ఉచితంగా దొరికేవి: బడిలో ఏళ్లుగా వాడాక నా మాట

ఆగస్టు 23 జాతీయ అంతరిక్ష దినోత్సవం దగ్గర పడుతోందంటే చాలు, టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో లింకులు కుప్పలుగా వచ్చి పడతాయి. వాటిలో చాలావరకు తెరిచి చూశాను, కొన్నిటిని వారానికే వదిలేశాను, కొన్నిటితో ఏళ్లుగా కాపురం చేస్తున్నాను. జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పేవాడిగా నా లెక్క ఒకటే, ఆ రాత్రి పిల్లలు డాబా ఎక్కి తల పైకెత్తి చూశారా లేదా. ఆ లెక్కన, ఏ ఊరి ఆకాశాన్నయినా ఏ టైమ్‌కైనా తెర మీద చూపించే స్టెల్లేరియం సాఫ్ట్‌వేర్‌ని కొట్టేది ఇంకోటి లేదు.

కంప్యూటర్‌లో వేసుకునే స్టెల్లేరియం పూర్తిగా ఉచితం, ప్రకటనలు లేవు, ఒక్కసారి డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుంటే ల్యాబ్‌లో నెట్ లేకపోయినా నడుస్తుంది. 6 లక్షలకు పైగా నక్షత్రాలు అందులోనే ఉంటాయి. ముందు ఎఫ్6 నొక్కి మీ ఊరు పెట్టుకోండి, లేకపోతే పరాయి ఊరి ఆకాశం చూపించి మిమ్మల్ని తికమక పెడుతుంది. సి నొక్కితే నక్షత్రాల మధ్య గీతలు, ఎల్ నొక్కితే కాలం పరుగు, కె నొక్కితే మళ్లీ మామూలు వేగం. ఇంతకుమించి నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు.

దీని సత్తా ఏంటో నాకు తెలిసింది తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి అడిగిన ప్రశ్నతో. వాళ్లక్క పెళ్లిలో పొద్దున పది గంటలకి పంతులుగారు అరుంధతీ నక్షత్రం చూపించారట, "అప్పుడు అది నిజంగా అక్కడ ఉందా సార్?" అంది. పెళ్లి వైశాఖంలో. ఆ తేదీ, ఆ టైమ్ పెట్టి ఎ నొక్కాను, నీలం రంగు పోయి పట్టపగలే సూర్యుడి చుట్టూ నక్షత్రాలు బయటపడ్డాయి. ఉత్తరం వైపు తిప్పితే సప్తర్షులు లేరు. జి నొక్కి నేలని కూడా తీసేస్తే అప్పుడు కనబడ్డారు, ఏడుగురికి ఏడుగురూ దిగంతానికి కిందే! క్లాసంతా ఒకటే గోల. అదే రోజు రాత్రి తొమ్మిదికి జరిపితే ఉత్తరాన బాగా ఎత్తులో ఉన్నారు. వశిష్ఠుడి మీద జూమ్ చేస్తే పక్కన అరుంధతి, ఇంకా జూమ్ చేస్తే వశిష్ఠుడే రెండుగా విడిపోయాడు. ఇవాళ రాత్రి అరుంధతి విడిగా కనబడుతోందో లేదో చూసి రండి అని పంపించాను. వెనక బెంచీ కుర్రాడొకడు తనకి అక్కడ ఒక్కటే కనబడిందని, పక్కనే ఉన్న వాళ్ల తాతకి మాత్రం రెండూ కనబడ్డాయని మర్నాడు వచ్చి చెప్పాడు. వాడికి ఇప్పుడు కళ్లజోడుంది.

లోపాలూ ఉన్నాయి. కొత్త వెర్షన్లు పాత కంప్యూటర్ల మీద మొరాయిస్తాయి, మా ల్యాబ్‌లో పాత వెర్షనే వేసుకున్నాం. ఫోన్ యాప్‌లో ఉచితంగా వచ్చేది తక్కువ, అన్నీ ఉన్న ప్లస్ వెర్షన్ కావాలంటే డబ్బు కట్టాలి. మొదట కనబడే బొమ్మలూ పేర్లూ పాశ్చాత్యులవే, కానీ ఎఫ్4లోకి వెళ్లి భారతీయ పద్ధతి ఎంచుకుంటే మన నక్షత్రాలు వస్తాయి. కృత్తిక చూపిస్తుంటే "మా నానమ్మ చెప్పే పిల్లలకోడి ఇదే కదా" అని ఎవరో ఒకరు అనకుండా ఉండరు.

తర్వాతి స్థానం నాసా వాళ్ల స్పాట్ ది స్టేషన్‌ది. వ్యోమగాములు ఉండే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన ఊరి మీదుగా ఎప్పుడు పోతుందో, ఏ దిక్కున కనబడుతుందో చెబుతుంది. అది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో గంటన్నరకో చుట్టు తిరుగుతుంది, మనకి కనబడేది మాత్రం చీకటి పడ్డాక కాసేపు, తెల్లవారకముందు కాసేపు. పిల్లలకి ముందే చెప్పి ఉంచండి, అది విమానంలా మిణుకుమిణుకుమనదు, చప్పుడు రాదు, ఒక్కోసారి నడి ఆకాశంలోనే భూమి నీడలోకి వెళ్లి మాయమవుతుంది. 2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అందులో ఉన్న రోజుల్లో మా పిల్లలకి ఒకటే టెన్షన్, తీరా చూస్తే అవి జూన్ నెలాఖరు, జులై రోజులు, పైన అంతా మబ్బు. చలికాలం నమ్ముకోండి.

భువన్ గురించి రెండు ముక్కలు. ఇది ఇస్రో వాళ్ల మ్యాప్ సైట్, హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) నడిపేది, ఉపగ్రహ చిత్రంలో పిల్లలు తమ ఊరి చెరువు తామే వెతుక్కుంటారు. నిదానం ఎక్కువ. సోషల్ టీచర్‌కి ఇంకా బాగా పనికొస్తుంది. ఉపగ్రహ చిత్రాల చదువు చెప్పే ఇస్రో సంస్థ, డెహ్రాడూన్ ఐఐఆర్ఎస్ ఉచిత ఆన్‌లైన్ కోర్సులు టీచర్లకి మంచివి, సర్టిఫికెట్ కూడా ఇస్తారు, కానీ ఆ ఇంగ్లీషు లెక్చర్లు మన తెలుగు మీడియం పిల్లలకి చూపించడం దండగ.

రాకెట్ ప్రయోగాన్ని కళ్లారా చూసే శ్రీహరికోట గ్యాలరీ వేరే లెవెల్. 2019 నుంచి జనాన్ని రానిస్తున్నారు, ప్రవేశం ఉచితం, ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి. చిక్కల్లా ఏంటంటే నమోదు తెరిచాక సీట్లు చూస్తుండగానే అయిపోతాయి, ప్రయోగం వాయిదా పడితే సూళ్లూరుపేట దాకా మాట్లాడుకున్న బస్సు డబ్బులు గోవిందా. అయినా పోయి రావాల్సిందే. మంట కనబడ్డ క్షణం నుంచి చప్పుడు చెవిన పడేదాకా సెకన్లు లెక్కపెట్టించి 340తో గుణించమనండి, లాంచ్‌ప్యాడ్ ఎన్ని మీటర్ల దూరంలో ఉందో పిల్లలే చెబుతారు. ధ్వని వేగం పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు.

ఇక యువిక. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఎంపిక చేసి ఇస్రో తన కేంద్రాల్లోనే ఉంచుకుని నేర్పించే వేసవి కార్యక్రమం ఇది, 2019లో మొదలైంది, ఖర్చులు ఇస్రోవే. ఎనిమిదో తరగతి మార్కులకి సగం వెయిటేజీ, పంచాయతీ పరిధిలోని బడిలో చదివితే ఏకంగా 15 శాతం, అంటే మన పిల్లల కోసమే పెట్టినట్టుంది. కానీ ఆ కబురు మన దాకా వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా అయిపోతుంది, ఒక ఏడాది మాకు సర్క్యులర్ అందేసరికి గడువే దాటిపోయింది. 2024లోనూ 2025లోనూ ఫిబ్రవరి రెండో సగంలో తెరిచి మార్చిలో మూసేశారు. కాబట్టి ఎవరో చెబుతారని కూర్చోకుండా ఫిబ్రవరి మధ్య నుంచే ఇస్రో సైట్ మీరే చూస్తూ ఉండండి. సైన్స్ ఫెయిర్, ఆటలు, స్కౌట్స్ సర్టిఫికెట్లకి కూడా మార్కులుంటాయి, వాటిని సంక్రాంతి సెలవుల్లోనే స్కాన్ చేయించి పెట్టుకోమనండి, చివరి రోజు సర్వర్‌తో కుస్తీ పట్టడం మన వల్ల కాదు.