పెట్రీషియా హైస్మిత్ డైరీలు: కొనొచ్చు, కానీ ముందే కాదు

సైకలాజికల్ థ్రిల్లర్లు చదివేవాళ్లకు ఈమె పేరు కొత్త కాదు. 1955లో తన నవలలో టామ్ రిప్లీ అనే హంతకుణ్ని పుట్టించి, వాడెక్కడ దొరికిపోతాడోనని చదివే మనకే టెన్షన్ పెట్టిన మనిషి. 1995లో స్విట్జర్లాండ్‌లో చనిపోయాక ఇంట్లో దుప్పట్ల అల్మారాలో 56 నోటుబుక్కులు బయటపడ్డాయి, దాదాపు 8,000 పేజీలు. ఆమె ఎడిటర్ ఆనా ఫాన్ ప్లాంటా వాటిని వడగట్టి 2021లో వెయ్యి పేజీల పుస్తకం తెచ్చింది. మహబూబ్‌నగర్‌లో నేనడిగిన షాపుల్లో లేదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న. కొరియర్‌వాళ్లు ఓ మూల నలిపి తెచ్చారు గానీ లోపల పేజీలు బాగానే ఉన్నాయి.

ఈమెను ఒంటిపిల్లి రాకాసి లెక్క చెప్తుంటారు. నత్తలు పెంచిందనీ, ఓ పార్టీకి హ్యాండ్‌బ్యాగులో ఆకుకూరతో పాటు వాటినీ వేసుకెళ్లిందనీ కథలు. నిజమే, కానీ అది సగమే. 1940ల డైరీల్లో చూడండి, న్యూయార్క్‌లో రాత్రయితే పార్టీలు, మందు, ఒకరి తర్వాత ఒకరితో ప్రేమలు, పగలు కామిక్స్‌కు కథలు రాసి కిరాయి కట్టుకోవడం. 1948 క్రిస్మస్ సీజన్‌లో ఓ పెద్ద స్టోర్ బొమ్మల కౌంటర్‌లో పనిచేస్తుంటే బొచ్చుకోటు వేసుకున్న ఒకావిడ వచ్చి బొమ్మ కొని, ఎక్కడికి పంపాలో అడ్రస్ ఇచ్చి వెళ్లిపోయింది, అంతే. ఈమె ఇంటికెళ్లి కథంతా రాసి పెట్టుకుంది, ఆ వెంటనే జ్వరం, చూస్తే ఆటలమ్మ! ఇద్దరు ఆడవాళ్ల ప్రేమకథ కాబట్టి 1952లో మారుపేరుతో వచ్చింది, దానికి తన పేరు పెట్టుకునేసరికి 1990 అయింది.

ఎవరితో పొసగకుండా, స్విట్జర్లాండ్‌లోని టెగ్నా ఊళ్లో బంకర్‌లాంటి ఇల్లు కట్టుకుని ఉన్నదంతా చివరి రోజుల సంగతి. అక్కడికొచ్చేసరికి డైరీ కూడా పలచబడిపోయింది. యూదుల మీద ఆమె వెళ్లగక్కిన విషంలో మరీ ఘోరమైన మాటలు కొన్ని తీసేశామని ఎడిటర్లే చెప్పుకున్నారు. నాకది నచ్చలేదు, ఉంచితే మేమే తేల్చుకునేవాళ్లం కదా.

రిప్లీ చదవనివాళ్లు మాత్రం ముందు ఆ నవల కొనుక్కోండి. చదివినవాళ్లకైతే నావి నాలుగు స్టార్లు. రైల్లో మాత్రం పెట్టుకోకండి, కాచిగూడ వచ్చేలోపు చేతులు పీకుతాయి.